ఆ బండి డ్రైవరు మా వదిన

అందరికీ నమస్కారం.

లోడు పక్కన పెట్టి వచ్చిన డ్రైవర్లకు, చేతుల గ్రీజు సరిగా కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చిన మెకానిక్కులకు, టైర్ల కొట్టు అన్నదమ్ములకు, మా వదిన వీధి నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళకు, ముందు వరుసలో కూర్చున్న వదిన కూతురు మా అమ్మాయికి, అల్లుడికి... ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు. ఈ షెడ్డులో ఇన్ని కుర్చీలు వేయగా నేనెప్పుడూ చూడలేదు. ఇది లారీలు నిలబడే చోటు. సభలకు పనికొచ్చే చోటు కాదు. అయినా సభ ఎక్కడ పెడదామని అడిగితే మా అమ్మాయి తడుముకోలేదు. "అమ్మ ఇంట్లో ఉన్నదానికంటే అక్కడే ఎక్కువ ఉంది బాబాయ్. అక్కడే పెట్టండి" అంది.

మీలో చాలామందికి ఆమె లారీ అత్త. పక్క షెడ్డు వాళ్ళకు డ్రైవరమ్మ. నాకు మాత్రం వదిన. రక్త సంబంధమేమీ లేదు. ఆమె భర్త, నేను ఒకే బండి మీద పనిచేశాం. ఆయన పెద్ద డ్రైవరు, నేను రెండో డ్రైవర్ని. ఆయన్ని అన్నా అని పిలిచాను కాబట్టి ఆమె వదిన అయింది. అలా ఒక పిలుపుతో ఏర్పడిన చుట్టరికం. పోయిన వారం ఆస్పత్రిలో ఆమె కన్ను మూసినప్పుడు నా సొంత ఇంట్లో దీపం ఆరినట్టయింది. ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

ఇప్పటి కుర్రాళ్ళు చాలామంది వచ్చారు. మీకు ఆ బండి గురించి కొంచెం చెప్పాలి. మీ బండ్లలో ఏసీ ఉంది, పాట ఉంది, వేలితో తిప్పితే తిరిగే స్టీరింగు ఉంది. మా అన్న బండికి ఏముంది? మొసలి మూతిలాగా ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ ఉంది. చెక్క క్యాబిన్ ఉంది. చలికాలం పొద్దున్నే ముందు నిలబడి హ్యాండిల్ కొడితే తప్ప లేవని ఇంజను ఉంది. వాన పడితే ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో వైపరు తిప్పుకోవాలి. ఎండాకాలం కాళ్ళ దగ్గర పొయ్యి పెట్టినట్టే ఉండేది. ఎదురుగా ఎత్తు కనబడితే మేమిద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం, మా ఊపిరితోనే అది ఎక్కుతుందేమో అన్నట్టు. దాన్ని తిట్టని రోజు లేదు. ఇవాళ ఆ ఇంజను చప్పుడు ఒక్కసారి వినిపిస్తానంటే నేను ఎంత దూరమైనా నడిచి వెళ్తాను.

అన్న పెళ్ళి చేసుకున్నాడు. చేసుకుని ఏం లాభం? నెలలో ఇంటి దగ్గర ఉండేది రెండు మూడు రోజులు. ఆ రెండు మూడు రోజుల్లో సగం బండి కిందే. కొన్నాళ్ళు చూసింది మా వదిన. ఒకరోజు పొద్దున్నే మేము లోడు మీద తాడు బిగిస్తుంటే సంచి పట్టుకుని ఇదే షెడ్డుకు వచ్చింది. అందరం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. "నీ ఇల్లు ఇదే అయితే నా ఇల్లూ ఇదే. ఎక్కించుకో" అంది. అన్న బుర్ర గోక్కున్నాడు. మరి నేనెక్కడ పడుకోవాలి? సీటు వెనక చెక్క బల్ల ఒక్కటే ఉండేది, దాని మీద వంతులవారీగా పడుకునేవాళ్ళం. ఆ మాటే గొణిగాను. నా వైపు తిరిగి, "మీరు పైన లోడు మీద పడుకోండి మరిదిగారూ, గాలి బాగా తగులుతుంది" అంది. షెడ్డంతా ఘొల్లుమంది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు నాకు గాలి నిజంగానే బాగా తగిలింది.

నవ్వండి, పరవాలేదు. ఆమె ఉంటే ముందు తనే నవ్వేది.

ఆ క్యాబిన్‌ని ఆమె ఇల్లు చేసింది. కిటికీకి తెర కట్టింది. మంచినీళ్ళ బిందె దొర్లకుండా మూలకు బిగించింది. మాకు దారి అంటే మలుపులు, చెక్‌పోస్టులు, డీజిల్ బంకులు. ఆమెకు దారి అంటే వేరే. ఆడమనిషి భయం లేకుండా స్నానం చేయగల చోటు ఎక్కడుంది, ఏ బంకులో గదికి లోపలి గడియ ఉంది, ఏ హోటల్లో వెనక వైపు చూపులు తక్కువ, ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఒకే రోడ్డు మీద మేము ఒక ప్రయాణం చేస్తుంటే, మా పక్కనే కూర్చుని ఆమె ఇంకో ప్రయాణం చేసేది. ఎన్నాళ్ళకో గాని మాకు అది తెలియలేదు.

ఇదిగో, ఈ అమ్మాయి పుట్టాక క్యాబిన్‌లోనే ఉయ్యాల కట్టారు. ఇంజను మోత వింటే తప్ప దీనికి నిద్ర పట్టేది కాదు. ఇంటికి తీసుకెళ్తే మధ్యాహ్నమంతా ఏడుపే. చివరికి అన్న బండిని ఇంటి ముందు పెట్టి ఇంజను ఆన్ చేసేవాడు. పాప నిద్రపోయేది, వీధంతా లేచి కూర్చునేది. ఆ వీధి వాళ్ళు ఇక్కడున్నారు. అప్పట్లో మా అన్నకు పెట్టిన శాపనార్థాలు ఇప్పుడైనా వెనక్కి తీసుకోండి తల్లీ.

బడి మొదలయ్యాక వదిన బండి దిగాల్సి వచ్చింది. సెలవుల్లో మాత్రం తల్లీ కూతుళ్ళిద్దరూ ఎక్కేవాళ్ళు. అలాంటి ఒక సెలవుల్లోనే, తిన్నగా పోయే ఖాళీ రోడ్డు మీద, "ఒకసారి నన్ను కూర్చోనివ్వు" అంది. అన్న ఒప్పుకోలేదు. "ఇంటి బరువంతా నా చేతుల్లో పెట్టి వెళ్తావు. అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?" అంది. మా అన్న బండి ఆపాడు. దిగి, అటు తిరిగొచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ స్టీరింగు తిప్పాలంటే ఆమె సీట్లోంచి సగం లేవాల్సి వచ్చేది. గేరు మార్చినప్పుడల్లా బండి గుర్రుమనేది. అన్న పళ్ళు నూరుకుంటూనే నేర్పాడు. సరదాకి నేర్పాడు. అది దేనికి పనికొస్తుందో అప్పుడు మాలో ఎవరికి తెలుసు?

మిత్రులారా, ఇప్పుడు చెప్పబోయేది ఆమె ఉండగా ఎప్పుడూ చెప్పనివ్వలేదు. నిన్న మా అమ్మాయిని అడిగాను. చెప్పమంది.

ఆ ట్రిప్పులో నేను లేను. కాలు విరిగి మంచంలో ఉన్నాను. పాప అమ్మమ్మ దగ్గర ఉంది. అన్న, వదిన ఇద్దరే సిమెంటు లోడుతో బయలుదేరారు. కొండ దారిలో దిగుడు మొదలైన కాసేపటికి, మిట్టమధ్యాహ్నం, అన్నకు గుండెలో నొప్పి వచ్చింది. బండిని ఎలాగో అంచుకు తీసి ఆపాడు. చెమటలు కారిపోతున్నాయి. వదిన కిందికి దూకి చక్రాలకు రాళ్ళు పెట్టింది. రోడ్డు మీద అటూ ఇటూ చూసింది. ఒక్క బండి లేదు. ఎవరైనా వస్తారని ఎంతసేపు చూడాలి? ఆయన్ని సీటు వెనక బల్ల మీద పడుకోబెట్టి, రాళ్ళు తీసేసి, తను స్టీరింగు ముందు కూర్చుంది.

ఖాళీ రోడ్డు మీద సరదాకి నేర్చుకున్న మనిషి. నిండు లోడు. కొండ దిగుడు. ఈ షెడ్డులో ఉన్న డ్రైవర్లందరికీ తెలుసు, అదేమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

వెనక నుంచి అన్న చెబుతూనే ఉన్నాడు. "రెండో గేరు వేశాక ఇక క్లచ్ ముట్టుకోకు. బ్రేకు మీదే బరువంతా వేయకు. ఇంజనే పట్టుకుంటుంది, భయపడకు." ఆమె అలాగే చేసింది. ఒక మలుపు దాటింది. ఇంకొకటి దాటింది. ఆయన చెబుతున్నాడు, ఈమె ఊ కొడుతోంది. అలా కొంత దూరం వచ్చాక ఒక మలుపు దగ్గర ఆయన మాట ఆగిపోయింది.

ఆమె బండి ఆపలేదు.

తర్వాత చాలా ఏళ్ళకు నాతో ఒక్కసారే అంది ఆ మాట. "ఆగి చూస్తే తెలిసిపోతుంది మరిదిగారూ. తెలిశాక నా చేతులు పనిచేయవు. అందుకే వెనక్కి చూడలేదు. ఆయన వింటున్నట్టే నేను మాట్లాడుతూ దిగాను." కొండ మొత్తం దిగింది. ఊళ్ళోకి వచ్చింది. ఆస్పత్రి గేటులో బండి పట్టక రోడ్డుకు అడ్డంగా ఆపింది. కాపలా మనిషి కేకలు వేస్తూ వచ్చి, "డ్రైవర్ ఎక్కడ? ముందు బండి తియ్యమను" అన్నాడట. "నేనే డ్రైవర్ని. లోపల మా ఆయన ఉన్నాడు, చెయ్యి వెయ్యి" అందట.

లోపలికి తీసుకెళ్ళారు. అప్పటికే ఆలస్యమైంది.

ఏమండీ, దాని తర్వాత ఎవరైనా ఆ బండి ముఖం చూస్తారా? అమ్మేస్తుందని అందరం అనుకున్నాం. పాత ఇనుం వాళ్ళు ఇంటికే వచ్చారు. "ఆయన చివరిసారి పడుకున్న బల్ల అందులో ఉంది. దాని మీద సుత్తి దెబ్బ పడితే నేను తట్టుకోలేను" అంది. కొన్నాళ్ళకు లైసెన్సు తెచ్చుకుని నా ఇంటికి వచ్చింది. "కాలు బాగయిందా? అయితే పదండి. ఈసారి కూడా మీరు రెండో డ్రైవరే" అంది.

రోడ్డు పక్క హోటళ్ళలో టీ తెచ్చి నా ముందు పెట్టి, "డ్రైవర్ గారూ" అనేవాళ్ళు. నేను ఆమె వైపు చూపించేవాణ్ణి. వాళ్ళు పరాచికం అనుకుని నవ్వేవాళ్ళు. ఆమె టీ తాగేసి, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చునేది. అప్పుడు చూడాలి వాళ్ళ ముఖాలు.

కాని ఆ కొండ దారి ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు కదా. వచ్చింది. పైన బండి ఆపించి, "వదినా, ఇది నేను దించుతాను" అన్నాను. వద్దంది. రెండో గేరు వేసింది. దిగుతున్నాం. అన్న మాట ఆగింది ఏ మలుపులోనో నాకు తెలియదు. ఒక మలుపు దగ్గర, ఎదురుగా ఎవరూ లేకపోయినా, హారన్ ఒక్కసారి మోగించింది. నేను తల పక్కకు తిప్పుకున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ దారిన వెళ్ళినా అంతే. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ బండే ఈ అమ్మాయిని చదివించింది. ఇవాళ నర్సుగా పదిమందికి ఊపిరి పోస్తోందంటే ఆ బండి మోసిన లోడ్ల చలవే. తర్వాత పెద్ద బండ్లు వచ్చాయి. పాత బండికి లోడ్లు రాలేదు. వదిన మోకాళ్ళు క్లచ్ తొక్కనివ్వలేదు. బండి ఈ మూల టార్పాలిన్ కింద నిలబడిపోయింది. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి ఇంజను స్టార్ట్ చేసి, కాసేపు పక్కన కూర్చుని, బ్యాటరీ దిగిపోకుండా దాని వైరు తీసేసి వెళ్ళేది. మన కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. "నవ్వండిరా, మీ బండ్లకూ వయసొస్తుంది" అనేది.

పోయిన ఏడాది తనే అందర్నీ పిలిచింది. మోటారు పని నేర్పే బడికి బండిని ఇచ్చేస్తున్నానంది. మా పెద్ద మెకానిక్కు, అదిగో ఆ స్తంభం పక్కన నిలబడ్డాడు చూడండి, ఆయన అడ్డం పడ్డాడు. వాళ్ళు నట్టు నట్టుగా విప్పేస్తారమ్మా, నువ్వు చూడలేవు అన్నాడు. "విప్పనీ. సుత్తితో పగలగొట్టడం వేరు, నేర్చుకోవడానికి విప్పడం వేరు. నేను పోయాక ఇక్కడ తుప్పు పడుతుంటే ఎవరు చూడగలరు? మీరు చూడగలరా?" అంది. బల్ల మాత్రం ఊడదీయించి ఇంటికి తీసుకెళ్ళింది. అక్కణ్ణుంచి దాని మీదే పడుకునేదట. మంచం కొంటానని అల్లుడు ఎంత బతిమాలినా వినలేదట.

ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు మాట సరిగా రావడం లేదు. దగ్గరికి వంగాను. "బ్యాటరీ వైరు తీసేశారా మరిదిగారూ?" అంది. బండి ఇచ్చేసి ఏడాదైంది. తీశాను వదినా అన్నాను. తల ఊపింది. కళ్ళు మూసుకుంది. ఏదో పెద్ద పని అయిపోయినట్టు ముఖం తేటపడింది.

ఆమె గొప్పది అని చెప్పడానికి నేను రాలేదు. ఆమెకు కోపం ఎక్కువ, మొండితనం ఎక్కువ. నాతో నెలల తరబడి మాట్లాడని సందర్భాలు ఉన్నాయి. మాట్లాడకుండానే నా పక్కన కూర్చుని లోడు చేర్చేది. అలాంటి మనిషితో సగం జీవితం ఒకే అద్దంలోంచి రోడ్డు చూశాను. ఇప్పుడు ఏ రోడ్డు చూసినా నా పక్క సీటు ఖాళీగా ఉంటుంది. నన్ను మరిదిగారూ అని పిలిచే గొంతు ఈ లోకంలో ఇంక లేదు. అమ్మాయీ, నీకు అమ్మ పోయింది, నీ దుఃఖం ముందు నాది చిన్నదే. అయినా మనిద్దరం ఒకరికొకరం ఉన్నాం తల్లీ. ఈ బాబాయి ఉన్నన్నాళ్ళు నువ్వు ఒంటరిదానివి కావు.

ఒక్క మాట చెప్పి దిగిపోతాను.

ఈ షెడ్డులో చప్పుడు ఆగిన క్షణం నా ఎరుకలో లేదు. ఏదో ఒక ఇంజను తిరుగుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు సుత్తి వేస్తూనే ఉంటారు. ఇప్పుడు కూడా బయట ఎవరిదో బండి ఆన్‌లోనే ఉంది, నాకు వినబడుతోంది. బాబూ, ఎవరిదో గాని, వెళ్ళి ఆపెయ్యి. టైర్ల కొట్టులో గాలి మిషను కూడా కట్టెయ్యండి. ఫోన్లు జేబుల్లో పెట్టెయ్యండి.

ఆగిందా?

మా వదిన కోసం అందరూ లేచి నిలబడండి. ఎవరూ ఏమీ మాట్లాడకండి. కాసేపు ఇలాగే ఉందాం.