మిగిలిన ఒక్క నిమిషం

డబ్లిన్‌లో ఒక చిన్న హాలు. షోకి ఇంకో గంట టైముంది. వందేళ్ళ కిందటి మూకీ ప్రేమచిత్రం తగలబడిపోగా మిగిలింది ఒక్క నిమిషం. ప్రొజెక్టర్ నడిపే కాలేజీ పిల్ల దాన్ని నాలుగోసారి వేసి చూసింది. పుట్టినప్పటి నుంచీ ఆమెకి చెవులు వినపడవు, పెదాలు చూసే మాట పోల్చుకుంటుంది. షో పెట్టిన పెద్దాయన వైపు తిరిగింది.

“అంకుల్, ఈ హీరోయిన్ ప్రేమతో ఏడవట్లేదు.”

“‘నీకోసం జన్మంతా ఎదురుచూస్తా’ అని తెర మీద మాటల కార్డు పడిందిగా?”

“ఆ కార్డు షూటింగ్ అయ్యాక ఎవడో రాశాడు. ఆమె అన్నది, ‘ఆ లైటు తిప్పండి, కళ్ళు మండిపోతున్నాయి’ అని.”

“అప్పటి లైట్లు అలాంటివేలే. హీరో ఏమన్నాడు?”

“‘ఓర్చుకో, ఏడుపు బాగా వస్తోంది’ అన్నాడు. నవ్వుతూ.”

“అయ్యో! లీఫ్‌లెట్ మీద ‘అమర ప్రేమ కన్నీళ్ళు’ అని ప్రింట్ చేయించాను కదమ్మా.”

“చింపేయండి. ఆమె మాట బొమ్మ కింద టైప్ చేస్తాను.”

“జంటలొస్తున్నారు. మూడ్ పాడవుతుంది.”

“పాడవనీయండి. వందేళ్ళుగా మొత్తుకుంటోంది, ఒక్కరన్నా పట్టించుకోవద్దా? టైప్ చేయనివ్వకపోతే ప్రొజెక్టర్ మీరే నడుపుకోండి.”

ఆయన గోడవైపు తిరిగి ఏదో గొణిగాడు.

“ఇటు తిరిగి చెప్పండి అంకుల్. వీపు చూసి చదవడం నాకు రాదు.”

తిరిగాడు. తెర మీద ఆమె ఇంకా కళ్ళు నులుముకుంటూనే ఉంది.

“టైప్ చెయ్యమన్నాను. ఆ హీరోగాడి మాట కూడా వెయ్యి.”