బావగారి హస్తవాసి

పక్క గదిలో అతిథులు దిగారు. ల్యాబులో ఉన్నది ఇద్దరే: ఒకరు అక్కడి పెద్దాయన, రెండోది ఆయన కింద ఇంజినీరుగా ఇరుక్కున్న భార్య చెల్లెలు.

"...ఒక్కసారికే అతికిందమ్మాయ్! ఒక్కసారికే! నువ్వేమో ఇన్ని నెలలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నావు."

"గోళ్లు గిల్లుకోలేదు బావగారూ..."

"ఇక్కడ సార్."

"సార్. వెంట్రుకంత గాజు తీగ. ఆవగింజంత లెన్సు. ఈ పొరల చిప్పులో రెండూ సరిగ్గా ఎదురెదురుగా నిలవాలి. జిగురు ఆరేటప్పుడు తీగని పక్కకి లాగేస్తుంది. అందుకే ముందే కాస్త..."

"ఆడలేక మద్దెల ఓడందిట! జిగురుట, లాగిందిట! మరి నాకెందుకు లాగలేదు? వెలుగు కొలిచే ఆ మీటరు చూడు. చూడూ!"

"చూస్తున్నా. లేజర్ ఇచ్చే వెలుగు కంటే తీగలోంచి బయటికొచ్చేదే ఎక్కువుంది సార్."

"హస్తవాసంటే అదీ!"

"గ్లాసుడు పాలు కాస్తే గిన్నెడైనట్టుంది."

"ఏడుపు మాను. ఇకమీదట ఈ పని నేనే చూస్తానని ఆ వచ్చినవాళ్లకి చెప్పేశా. రేపట్నుంచి నువ్వు స్టోరు చూసుకో."

"స్టోరా? ఈ చిప్పు గీసింది నేను. పొర మీద పొర పేర్చింది నేను. నా పని నా చేతిలోంచి లాక్కుని స్టోరంటారా?"

"అతికించింది నేను. మీ అక్కక్కూడా చెప్పా."

"ఏమంది?"

"అది... అవన్నీ ఇప్పుడెందుకు? కుర్చీలు సర్దు."

"ఆ మైక్రోస్కోపు దీపం ఒక్కసారి ఆర్పనా?"

"ఎందుకూ?"

"ఊరికే."

"ఊరికే ఏంటి, ఊరికే! చీకట్లో వాళ్లకేం కనబడుతుంది? వద్దు. వద్దన్నానా! ఏయ్, ఆర్పేశావా... మీటరేంటి, సున్నాకి పడిపోయింది?"

"ఇందాకట్నుంచి అది కొలుస్తున్నది ఆ దీపాన్నే సార్."

"అబద్ధం! నువ్వే లేజర్ ఆపేశావ్. కక్ష! అక్క మొగుడని కూడా చూడకుండా కక్ష!"

"ఇక్కడ సార్ కదా?"

"వేళాకోళాలొద్దు. ముందు లేజర్ వెయ్!"

"ఎక్కడుందని వెయ్యను? చూడ్డానికి బావుంటుందని పొద్దున మీరే విప్పించి, పక్క గదిలో అద్దాల బీరువాలో పెట్టించారు. అతిథులు దాని చుట్టూ నిలబడి, 'ఇది ఇక్కడుంటే లోపల వెలుగెక్కణ్ణుంచి వస్తోందీ' అని అడుగుతున్నారు. వెళ్లి చెప్పండి బావగారూ, హస్తవాసని."