కొత్త డబ్బాలో నా చేతి కట్టు

హలో… ఆ, నేనే. అక్కనే.

…మూడుసార్లు చేశాను పొద్దున్నించీ. కొట్లో రద్దీగా ఉందని నీ గుమాస్తా చెప్పాడులే… ఆ, ఉన్నాం. బానే ఉన్నాం. కుశలప్రశ్నలు తర్వాత. ఎవరూ లేని చోటికి రా, ఒక మాట అడగాలి.

…వచ్చావా?

బ్రెడ్డు వ్యానాయన గుర్తున్నాడా? పాత వ్యాను, ఎడమవైపు తలుపు తాడేసి కట్టుకుని తిరుగుతాడు… ఆ, ఆయనే. రెణ్ణెల్ల కింద కొత్త ఆల్టర్నేటర్ కొనమని నేనే నీ కొట్టుకి పంపాను.

…వ్యాను సంగతి కాదురా, మనిషి ఎలా ఉన్నాడో అడుగు ముందు.

…భుజం ఎముక విరిగింది. కొండ దిగుతున్నాడట, జోరున వాన. ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇవ్వడం మానేసింది. బ్యాటరీ ఉన్నంతసేపూ వైపర్లు ఆడాయి, ఆ తర్వాత అద్దం మధ్యలో ఆగిపోయాయి. దారి కనబడక కాలవలోకి దించేశాడు… ఆ, బతికే ఉన్నాడు. నెలన్నర చెయ్యి కదపొద్దన్నారట.

వాళ్ళావిడ ఆ ఆల్టర్నేటర్ని గోనెసంచిలో వేసుకుని పొద్దున్నే నా దగ్గరికొచ్చింది… పోట్లాటకి కాదురా. "కొత్తది కదక్కా, రెణ్ణెల్లకే ఎందుకు పోయిందో విప్పి చూస్తావా" అని. నిన్ను పల్లెత్తు మాటనలేదు.

విప్పాను.



…కాదు. నీళ్ళు కాదు. లోపల ఏం చూశానో నేనింకా చెప్పకుండానే నీకు నీళ్ళ సాకు ఎక్కణ్ణుంచి గుర్తొచ్చింది?

తీగ చుట్టల మీద దారం కట్టుంది. మెలేసి, కింద నుంచి తెచ్చి, రెండుసార్లు తిప్పి బిగించే ముడి. నాన్న నేర్పింది. నీకూ నేర్పబోయాడు, దారం వేళ్ళు కోస్తోందని లేచి పోయావు. ఈ ఊళ్ళో ఆ ముడి వేసే చెయ్యి ఇప్పుడొక్కటే ఉంది. అదే ఫోను పట్టుకునుంది.

…అరవకు. ఎవరూ లేని చోటికి రమ్మన్నది అందుకే.

అది కాలిపోయి నా దగ్గరికొస్తే కొత్త తీగ చుట్టి, నేనే పక్కన పడేసింది. చుట్టడమంతా అయ్యాక చూసుకున్నాను, బేరింగు కూర్చునే చోట వెంట్రుకంత పగులు. పగులు పెరిగి బేరింగు కదిలితే తీగ ఒరుసుకుని తెగుతుంది, ఇక పనికిరాదని పాతసామాను అతనికి తూకానికి వేశాను. నువ్వు అతని దగ్గర్నుంచి తెచ్చి, పగులు మీద వెండిరంగు పూసి, డబ్బాలో పెట్టి, పైన సీలు కూడా అంటించి… పైన పటారం, లోన లొటారం!

…కొత్తవి రావట్లేదా? అంత పాత బండికి చెయ్యడం కంపెనీ వాళ్ళే మానేశారా?

మానేస్తే మానేశారని చెప్పొచ్చుగా! నోరు పడిపోయిందా? "దొరకట్లేదండీ, మా అక్క దగ్గరికే వెళ్ళండి" అంటే నీ సొమ్మేం పోయేది? నాలుగు రోజులు కూర్చుని, గట్టి బాడీ ఒకటి వెతికి, బేరింగులు మార్చి, శుభ్రంగా కట్టిచ్చేదాన్ని. ఏళ్ళ తరబడి తిరిగేది. పాతదాన్ని పాతదని చెప్పి ఇవ్వడం ఏనాడూ తప్పు కాలేదురా మనింట్లో.

ఆయన ముందు నన్నే అడిగాడు. "కొత్తది కొనమంటావా అమ్మా, నువ్వు కట్టింది చాలంటావా" అని. నోటికాడి పని. నేనేమన్నానో తెలుసా? రోజూ కొండెక్కి దిగే బండి, దాని మీదే మీ ఇల్లు గడవాలి, కొత్తదే వేయించుకోండి, మా తమ్ముడు మోసం చెయ్యడు అన్నాను. ఆ మాటన్న నాలుకని ఏం చేసుకోమంటావు ఇప్పుడు?

…ఏడవకు. నువ్వేడిస్తే నాకు జాలేస్తుంది. ఇవాళ జాలిపడే ఓపిక లేదు నాకు.

…ఏమన్నావ్? మళ్ళీ అను.

…ఆహా. ముడి నాది కాబట్టి పేరు పోయేదీ నాదే. బాగా నేర్చావురా. అక్కా తమ్ముడూ కూడబలుక్కుని చేశారంటారు… అంటారు, నాకు తెలియదా? నువ్వు ఇంకో వీధిలో ఇంకో బోర్డు పెట్టుకుంటే సరిపోతుంది. నా గుమ్మంలోకి మాత్రం చెడిన బండి కూడా రాదిక. ఆడది ఏం చుడుతుందిలే అని నవ్విన వాళ్ళందరికీ ఇక చేతినిండా పనే.

…ఆ. నా తప్పూ ఉంది. ఎవరు కాదన్నారు? పనికిరాని బాడీని సుత్తితో పగలగొట్టి గానీ తూకానికి వెయ్యకూడదు. నాన్న ఒక్కనాడూ తప్పలేదు. నేనూ సుత్తి ఎత్తాను. మూడు రోజులు నడుం విరిగేలా కూర్చుని చుట్టింది కదా… చెయ్యి రాలేదురా. ఆ ఒక్క దెబ్బ వేసుంటే ఆ మనిషి ఇవాళ బండి నడుపుకుంటూ ఉండేవాడు. దానికి నేను పడతాను, నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు.

…వానాకాలం కాబట్టి నీళ్ళు దిగాయంటే ఆవిడ నమ్ముతుందంటావా?

నమ్ముతుందిరా! నా బాధే అది. నేనేం చెప్తే అది నమ్మేలా కూర్చుంది పొద్దున నా ఎదురుగా.

…మా మరదల్ని మధ్యకి తేకు. పిల్లల్నీ తేకు. ఆయనకీ ఉన్నారు.

…ఇంకో కొత్తది ఊరికే పంపిస్తావా? కొత్తవి రావట్లేదన్నావుగా ఇందాకే? ఈసారిది ఎవరు పారేసింది?

…ఆగు. గేటు చప్పుడైంది. ఆవిడే. మళ్ళీ వస్తానని చెప్పే వెళ్ళింది.

…లేదు. పెట్టెయ్యకు. తర్వాత ఎవరో చెప్తే అక్క తప్పంతా నామీద తోసేసిందనుకుంటావు. నీ చెవులతో నువ్వే విను.

రామ్మా. ఆ తీగచుట్ట పక్కకి జరిపి కూర్చో… ఆయనకెలా ఉంది?… అన్నం కూడా నువ్వే కలిపి పెడుతున్నావా…

ఇదిగో, విప్పాను. ఇది కొత్తది కాదమ్మా. నేను చుట్టిందే. పగులిచ్చిందని నేనే పారేశాను. దాన్ని డబ్బాలో పెట్టి మీకు కొత్తదని అమ్మింది మా తమ్ముడు… అవును, నేను పంపిన కొట్టే.

…నాకు తెలియదమ్మా. ఒట్టు, ఇవాళ విప్పేదాకా తెలియదు.

…అలా లేచిపోకు. నమ్మలేకపోతే నమ్మకు, నీ చోట నేనున్నా నమ్మను. కానీ వాడు ఫోన్లోనే ఉన్నాడు, వాణ్ణే అడుగు. ఇదిగో, స్పీకర్లో పెడుతున్నాను…

ఒరేయ్, చెప్పు. మా అక్కకి తెలియదని ఒక్క మాట చెప్పు ఆవిడకి. ఇంకేం అడగను నిన్ను.

…ఒరేయ్, తమ్ముడూ?

…హలో?

…పెట్టేశాడమ్మా.