సాంచాలు ఆగినంక

హలో… ఆ, నేనే. కనకవ్వను. ఎవరూ…? గట్టిగ చెప్పు, మా గల్లీల బట్ట నేసే సాంచాలు నడుస్తున్నయ్, ఏం ఇనవడ్తలేదు…

అయ్యో, రంగయ్య మామా! నువ్వా? దండం మామా. పొద్దుగాల మీ ఇంటికొచ్చిన. సేటు లేడు, ఫోన్ చేపిస్త అన్నది అత్త…

ఆ… మా ఆయన ఉన్నడు. ఏం మంచి మామా! కాల్ల రాడ్ ఏసిండ్రు గద, లేసి నిలవడ్తలేడు. హోలీ నాటికెళ్లి మంచంలనే అన్నీ. నీ సాంచాలు కునుకు తియ్యకుంట నడిపిన ఆగయ్య, ఇప్పుడు ఈగ వాలినా కొట్టుకుంటలేడు…

ఊఁ… చెప్త, చెప్త. గందుకే వచ్చిన. రేపు ఠాణే పట్నం పోతున్నం. వకీలు కాడికి.

ఒర్రకు మామా.

కోపం జేయకు. నీకు చెప్పకుంట కోర్టు గడప తొక్కితే మంచిగుంటదా? మా పెండ్లికి పెద్దమనిషివి నువ్వు… లే, లే, దావా నీ మీద గాదు! మా ఆయన్ని గుద్దిన టెంపో నీదే గని, పైసలిచ్చేది ఇన్సూరెన్సోళ్లట. నీ జేబుకు ఏం గాదన్నది వకీలమ్మ… ప్రాజక్త మేడమని, మరాఠీ ఆమె. గరీబోళ్ల కేసులు ఫుకట్ల, పైస తీసుకోకుంట చూస్తది. గిట్ల ఫోన్ మాట్లాడుకుంట బండి తోలి గుద్దిన కేసులు ఆమె కాడ మస్తున్నయట.

అవు, ఫోనే. నీ డ్రైవర్ భూషణ్ చెవుకు ఫోన్ పెట్టుకోనే తోలిండు… ఆ, నువ్వు ఊరికి పారిపోయిండన్న భూషణే. మాల్ జల్ది రావాలని వానికి ఫోన్ కొనిచ్చింది గూడ నువ్వేనాయె.

దవాఖాన కాయితమా? గదే మామా తిప్పలు. సాంచా కాడ నూలు చుట్టిన బీము కాలు మీద పడ్డదని రాసున్నది గద అండ్ల. టెంపో గుద్దిందంటే డాక్టర్ ముట్టడు, పోలీసులొచ్చేదాంక ఆపుతడని నువ్వే అంటివి. రక్తం కారుతుంటే నాకేం సోయున్నది? నువ్వన్నట్టే చెప్పిన, సంతకం పెట్టిన. మేడం తలకాయ పట్టుకున్నది…

నిన్నేం అంటలేను. మా మేలుకే చెప్పినవ్.

ఇగ కండ్లార చూసిన మనిషి ఉంటెనే కేసు నిలవడ్తదట… ఉన్నడు మామా!

మనోడే. సోమయ్య. మాన్కోలి గోదాంల మాల్ ఎత్తుతడు చూడు, సన్నగ… ఆ, ఆయనే. ఆ దినం కామత్‌ఘర్ మూల మీద మా ఆయన ఎనుకాల్నే నడుస్తున్నడట. చూసుడే గాదు, మాట గూడ ఇన్నడు. "ఆయా సేఠ్, ఆయా", వస్తున్న సేటూ అనుకుంటనే గుద్దిండట భూషణ్.

ఏ సేటా? నాకెట్ల ఎర్క? భివండిల సేట్లకు కరువా! అయినా మేడం కోర్టుల అర్జీ పెడ్తదట. ఫోన్ కంపెనీ కాడ రాసుంటదట మామా. ఆ టైముకు భూషణ్‌కు ఎవరు ఫోన్ చేసిండ్రు, ఎంతసేపు మాట్లాడిండ్రు, అన్నీ. దాస్తే దాగేది గాదట.

మాట మారుస్తవేంది మామా?

సోమన్ననా? ఈడ్నే ఉన్నడు, మా ఇంట్లనే. మొన్న మాన్కోలిల ఎవరో ఆయన్ని అడుక్కుంట తిరిగిండ్రట. భయపడి ఈడికొచ్చిండు. అగో, మూలకు పన్నడు… లే, ఎటూ పోడు. రేపు పొద్దుగాల ధామన్కర్ నాకా కాడ బస్సెక్కుతం. నువ్వు గూడ రారాదు మామా? పక్కపొంటి నిలవడితే మాకు ధైర్నం…

ఆ? తలుపా? తీసే ఉన్నది. ఎందుకు?

అగో, లైటు పోయింది! సాంచాలన్నీ ఆగినయ్. ఇగ చెప్పు, మంచిగ ఇనవడ్తది… నీ కాడ గూడ పోయిందా?

…మామా. గదేం హారన్?

నీ ఫోన్ల, ఇప్పుడే. గా టెంపో హారన్ నాకెర్క. అది ఇంటే మా ఆయనకు నిద్రల గూడ ఒణుకు పుడ్తది. టెంపో గారేజ్‌ల పడ్డదంటివి గద?

పక్కకు ఎవరితోటి మాట్లాడుతున్నవ్? …ఎవరూ లేరా? భూషణ్ గొంతు నేను గుర్తువట్టనా మామా?

ఆగు… ఆగు, ఒక్క నిమిషం.

మళ్ల హారన్ కొట్టిండు. నీ ఫోన్లనూ ఇనవడ్డది, మా గల్లీ మొగదలనూ ఇనవడ్డది. ఒక్కపారే.

నాకు భయమైతున్నది మామా. నువ్వు ఏడున్నవ్?

…లైటు పోతే నీ సాంచాలోళ్లంతా గాలికి బయట కూసున్నరు. వీరన్నా! ఓ వీరన్నా! …లేసిండు. ఇటు చూసి మొకం తిప్పుకున్నడు. అందరు లోపటికి పోతున్నరు. లైటు రాలేదాయె, ఏం పనని పోతున్నరు మామా? షట్టర్లు ఎందుకు గుంజుతున్నరు?

…

"ఆయా సేఠ్" అన్నది నీతోటేనా?

నవ్వకు… నవ్వకు సేటూ. ఇగ మామా అన. జల్ది రా, జల్ది రా అని వాని చెవుల ఒర్రింది నువ్వే. మా ఆయన్ని దవాఖానకు మోసుకపోయింది నువ్వే. నేను పిచ్చిదాన్ని, నిన్ను దేవుడనుకున్న. సోమన్న ఏడ పన్నడో గూడ నా నోటితోటి నేనే చెప్పిన…

సోమన్నా, లే! తలుపెయ్యి! గడె పెట్టు!

నువ్వు ఇను సేటూ. ఈ ఫోన్ గూడ కంపెనీ రాసుకుంటది. ఎవరు చేసిండ్రు, ఎంతసేపు మాట్లాడిండ్రు. మాకేమన్న అయితే మేడం చేతికి ముందుగాల వచ్చేది నీ నంబరే. అందుకే ఫోన్ పెట్టకు. మాట్లాడు. ఇంకా మాట్లాడు…

హలో?

హలో…?

పెట్టేసిండు సోమన్నా. ఆ పెట్టె తలుపుకు అడ్డం నూకు… ఆ, అడుగుల సప్పుడే. నాకూ ఇనవడ్తున్నయ్. సాంచాలు నడుస్తుంటే ఇనవడకపోతుండె.