కెమిగిసా మోకాళ్లు

కెమిగిసా అనే ముసలి చింపాంజీ ఆ ఉదయం అడవిలో చనిపోయింది. మనుషుల ముసలితనం మీద పరిశోధన చేసే డాక్టరమ్మ అకికి దాని కీళ్ల ముక్కలు సీసాల్లో వేస్తోంది. ముప్పై ఏళ్లు దాని వెంట తిరిగి, అది చేసేవన్నీ నోటుబుక్కులో రాసిన అమూతి కూర్చోలేక నిలబడలేక ఉన్నాడు.

"అమూతిగారూ, ఇటు చూడండి. రెండు మోకాళ్లూ పూర్తిగా అరిగిపోయాయి. మీ నోటుబుక్కులో మాత్రం రోజూ గుట్ట ఎక్కిందని ఉంది."

"ముసలిదైనా మొండిది, అకికీ."

"ఈ మోకాళ్లతోనా? ఎక్కడం మీరు చూశారా?"

"పొద్దున్నుంచి టీ కూడా తాగలేదు నువ్వు. తెప్పించనా?"

"అడిగింది చెప్పండి."

"చూళ్లేదమ్మా. ఎక్కలేనిది నేను. వానల ముందు నుంచీ గుట్ట కిందే కూలబడుతున్నా. తెలిస్తే ఇంటికి పొమ్మంటారని అలా రాశాను."

"మరి అది?"

"మిగతా చింపాంజీలన్నీ పైకి పోయేవి. అది నాకు నాలుగు బారల దూరంలో కూర్చునేది. నాకు తోడుంటోంది అనుకున్నా గానీ, దానికీ చేతకావడం లేదని తోచలేదు."

"మీ రాత నమ్మి, మోకాళ్లు ఇంత అరిగినా గుట్టలెక్కొచ్చని లోకానికి చెప్పేవాళ్లం."

అమూతి చెయ్యి చాపాడు.

"పుస్తకం ఇలా ఇవ్వు. కొట్టేసి మళ్లీ రాస్తాను."

"మీ సంగతి వద్దు. దాని సంగతి రాస్తే చాలు."

"ఇద్దరం కలిసే ఆగిపోయాం, అకికీ. ఒకరి మాట రాసి ఒకరి మాట దాస్తే అదీ అబద్ధమే."