అట్ట మీది తలకాయలు

పుదుచ్చేరిలో, బజారు వీధి చివర ఒక ఫ్లెక్సు బోర్డుల అంగడి. కంప్యూటరు ముందు మనవరాలు రంజని, పక్కన ప్లాస్టిక్కు కుర్చీలో అవ్వ అన్నమ్మాళ్.

"చీ! తియ్యి. ముందు ఆ మాల తియ్యి."

"ఏ మాల అవ్వా?"

"నా మెళ్లో ఏసినావే, ఆ మాల. పక్కన ఆ దీపం ఏంది? నేను చచ్చినానా?"

"అయ్యయ్యో... నేను చూసుకోనేలేదు అవ్వా. ముసిలోళ్ల ఫోటో వస్తే చెయ్యి దానంతటదే మాల వేసేస్తుంది. రోజంతా నా పని అదే కదా. ఎవురో ఒకరు పోతారు, కణ్ణీర్ అంజలి పోస్టరు కావాలంటారు."

"చచ్చినోళ్లకి ఏసి ఏసి, బతికుండేవాళ్లు నీ కంటికి ఆనడం లేదు. ఆ మబ్బులు కూడా తియ్యి. కతల పుస్తకానికి అట్టంటే ఇదా? దీన్ని చూసినోళ్లు పుస్తకం తెరవరు, కర్మాంతరం భోజనం ఎప్పుడని అడుగుతారు."

"తీసేస్తుండాను, అరవొద్దు. ఇదిగో, మాల పోయింది. దీపం పోయింది. మబ్బులు పోయినాయి. ఇప్పుడు సరేనా?"

"ఇదెవురు?"

"నువ్వే."

"నేనా? ఇంత తెల్లగానా? మొహానికి సున్నం కొట్టినావా? ఆ పెదాలకి ఏంది ఆ ఎరుపు? థూ, తుడిచెయ్యి."

"ఫిల్టర్ అవ్వా. తెల్లగా చెయ్యకపోతే కస్టమర్లు గొడవ పెట్టుకుంటారు."

"నేను కస్టమర్ని కాదు. వైట్ టౌన్‌లో గెస్ట్ హౌసు గిన్నెలన్నీ తోమిన చేతులే ఇవి. ఆ మసి ఇంకా గీతల్లో ఉండాది, చూడు. అక్కడ ఒక దొరసాని, దాని కుక్కకి వాసన సోపు పెట్టి నీళ్లు పోసేది, నాకు మాత్రం బట్టల సోపు ముక్క. ఆ కత పుస్తకంలో ఉండాది కదా?"

"ఉంది అవ్వా."

"కుక్కని కడిగిన నీళ్లు వాకిట్లో పారబోస్తే, ఎదురింటామె పన్నీరు చల్లినారనుకోని, పాపం, కండ్లకి అద్దుకోని..."

"అవ్వా, అవ్వా, కత తర్వాత. అయిదింటికి ఫైలు ప్రెస్సుకి పోవాల. ఆదివారమే పుస్తకం ఫంక్షను."

"చూసినావా? కత మొదలుపెడితే ఊ కొట్టాల. నీకు ఊ కొట్టడం రాదు. మీ అమ్మ కొడతాది, ఎంత బాగా కొడతాదో. సరే, నన్ను నల్లగా చెయ్యి."

"చేసినాను."

"హా. ఇది నేను. ఇట్లే పంపెయ్."

"ఉండు, మామ వాట్సాపు పెట్టినాడు."

"నా కొడుకా? ఏమంటాడు?"

"తన ఫోటో పంపినాడు. నీ పక్కన పెట్టాలంట."

"చూపించు. ...ఏంది, చేతులు జోడించి నిలబడినాడు? ఎవురికి పెడతాండాడు దండం?"

"స్వాగతం చెప్తుండాడంట."

"అట్ట మీద స్వాగతమా? ఇదేమన్నా వాడి కూతురి పెండ్లా?"

"పుస్తకం వేయిస్తుండేది ఆయనే కదా అవ్వా. 'సేకరణ: గుణశేఖరన్' అని కూడా రాయమన్నాడు."

"సేకరణా! నేను నోరు తెరిస్తే టీవీ సౌండు పెంచేవాడు వాడు. 'ముసిలిది మళ్లా మొదలుపెట్టింది' అని పెండ్లాంతో చేరి నవ్వేవాడు. ఎవురో పెద్దమనుషులు ఈ కతలు విని బాగుండాయి అన్నారు, అంతే, అయ్యగారికి అమ్మ మీద ప్రేమ పొంగింది. చీ! వాడి నవ్వు చూడు, నూనె కారతాండాది."

"నవ్వు తగ్గిస్తానులే. పెట్టేసినాను, చూడు."

"నా భుజం యాడికి పోయింది?"

"మామ తలకాయ వెనక్కి."

"ఊ. కన్నదానికి ఈ మర్యాదన్నా చేసినాడు."

"అవ్వా... ఇంకోటి వచ్చింది. శివరామన్ ఫోటో."

"ఏ శివరామన్? వార్డు లీడరా? ఆయనకేం పని?"

"హాలు ఆయనే ఇప్పిస్తుండాడు. పెద్దదిగా పెట్టమన్నాడు మామ."

"ఎంత పెద్దగా?"

"నీ కంటే పెద్దగా."

"అమ్మే, ఆ శివరామన్ చిన్నప్పుడు మురిక్కాలవలో పడినాడు. నోట్లో, ముక్కులో, చెవుల్లో అంతా అదే. వాళ్లమ్మ కూడా ముట్టుకోలేదు, అసింగం, రోత అని కొంగు అడ్డం పెట్టుకునింది. వీధి కొళాయి కాడికి ఈడ్చుకోనిపోయి కడిగింది నేను. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉండాది. వాడికి తెల్లచొక్కా తొడిగి నా నెత్తిన నిలబెడతారా?"

"ఆ కత బలే ఉండింది అవ్వా పుస్తకంలో."

"ఉండిందా? ఇప్పుడు లేదా?"

"లేదు. మామ తీసేయించినాడు."

"తీసేస్తాడు. కత తీసేసి, కాలవలో పడినోణ్ణి అట్ట మీదికి ఎక్కించినాడు. ఇప్పుడు ఏంది మళ్లా టింగు టింగు అంటాంది?"

"గుండ్రాలు వస్తుండాయి."

"ఏం గుండ్రాలు?"

"తలకాయలు అవ్వా. చెవులు కుట్టే ఫంక్షను బ్యానర్లో కింద వరసగా పెడతాము చూడు, చుట్టాల మొహాలు, ఒక్కోటి ఒక్కో గుండ్రంలో. అట్లా పెట్టాలంట. లేకుంటే వాళ్లు నొచ్చుకుంటారంట."

"పుస్తకానికా? ఎవురెవురు?"

"ఎళిలరసన్ బావ."

"నాకు కాలు విరిగి ఆస్పత్రిలో పడి ఉంటే వచ్చినాడు. గడప కాడే ముక్కు మూసుకోని నిలబడినాడు. కమలాపండ్లు తెచ్చి, లోపలికి రాలేక నర్సు చేతికిచ్చి పోయినాడు. తర్వాత?"

"తమిళ్‌సెల్వి అత్త."

"నేను తాగిన గ్లాసు వేరేగా పెడతాది. నేను చూడలేదనుకుంటాది. తర్వాత?"

"జీవా."

"వాడికి ఆ నల్ల కండ్లద్దాలు ఏంది?"

"బైకు మీద కూర్చున్న ఫోటో. బైకు కత్తిరించినాను, అద్దాలు మిగిలినాయి. ఇంకా ఉండారు అవ్వా. అందర్నీ పెట్టేసినాను, మామకీ పంపినాను. చూడు, ఏమంటావు?"

"అన్నం మీద ఈగలు వాలినట్టు ఉండాది. ఇందులో నేను యాడ?"

"ఇక్కడ. శివరామన్ మోచేయి కింద."

"ఇదా? వాడి చొక్కా గుండీ అనుకున్నాను. సరేలే, నేను ఎట్లా ఉంటే ఏమి. ఇంత మందిని పెట్టినావే, మీ అమ్మ యాడ?"

"టీ తెప్పించనా అవ్వా?"

"టీ అడగలేదు. మీ అమ్మ యాడ?"

"అల్లం టీ. పక్కంగట్లో బాగా పోస్తాడు."

"రంజనీ."

"...మామ వద్దన్నాడు."

"వద్దంటే?"

"నేను పెట్టినాను అవ్వా, నిజ్జంగా. మొట్టమొదట పెట్టింది అమ్మనే. ఫోను చెవికి పెట్టుకోని ఉండే ఫోటో. నిన్న మామ వచ్చి చూసి, తీసెయ్ అన్నాడు. బొమ్మలు వేసేదానికి నేను పనికొస్తాను, మా అమ్మ బొమ్మ మాత్రం పనికిరాదు."

"నువ్వు తీసేసినావా?"

"తీసేసి లోపల దాచినాను. పారేయలేదు."

"ఆ కతలు ఎవురికి చెప్పినానో తెలుసునా నీకు? ఈ ఈగలకి కాదు. మీ అమ్మని ఇంటి గడప తొక్కనీడు వాడు. అది సేదరపేట్ కంపెనీలో అన్నం బెల్లు కొట్టినాక ఫోన్ చేస్తాది. ఒక చేత్తో డబ్బాలో అన్నం తింటా, 'చెప్పుమా' అంటాది. నేను పెరట్లో దండెం కింద కూర్చోని, గొంతు తగ్గించి చెప్తాను. మిషన్ల మోత మధ్యలో దాని ఊ... ఊ... వినబడతానే ఉంటాది. అది ఊ కొట్టబట్టి ఒక్కో కత బయటికి వచ్చింది. ఫోనులో పట్టి పెట్టింది కూడా అదే. అది లేకుండా నా పుస్తకం లేదు. అముద లేకపోతే అచ్చే వద్దు, చెప్పు వాడికి."

"నేను చెప్తే వింటాడా అవ్వా? ...అవ్వా, ఒకటి అడగనా? కోప్పడవు కదా?"

"అడుగు."

"ఈ అంగట్లో చేరిన కొత్తల్లో పాత పోస్టర్ల కట్ట ఒకటి సర్దినాను. అందులో ఒక కణ్ణీర్ అంజలి. మాల, దీపం, మబ్బులు. మధ్యలో మా అమ్మ. ఇప్పటి నాకంటే చిన్న వయసు. కింద 'దుఃఖంతో, అన్న గుణశేఖరన్' అని. ఆ రోజు సాయంత్రం ఇంటికి పోతే అమ్మ దోసెలు పోస్తా ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకోని చూసినాను, వేడిగా ఉందా అని. ఏమే అంది. ఏం లేదన్నాను. ఇప్పటిదాకా అడగలేదు."

"చూసేసినావా."

"ఎందుకు అవ్వా?"

"ఎందుకంటే... సోలై నగర్ చేపల పడవలోణ్ణి చేసుకునిందని. మీ నాయన్ని. 'మాకు అముద చచ్చిపోయింది' అని వీధంతా అతికించినాడు వాడు, బతికుండే పిల్లకి. మైదా జిగురు, అప్పుడే ఉడికించింది, పొగలు వస్తాండాది. నేను ఒక్కో గోడ కాడికి పోయి గోళ్లతో గీకినాను. సగం మొహం వస్తాది, సగం గోడకే ఉంటాది. ఆ జిగురు గోళ్లలో పులిసిపోయి, అన్నం కలుపుకుంటే అదే కంపు. ఇప్పుడు కూడా దోసెపిండి పులిస్తే నాకు వాంతి వస్తాది, మీ మామని కన్న ఈ కడుపు మీదే రోత పుడతాది. ఫోన్ చెయ్యి వాడికి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. గట్టిగా వినబడేట్టు పెట్టు."

"...మామా, నేను రంజనిని. అవ్వ మాట్లాడాలంట. స్పీకర్లో పెట్టినాను."

"ఏంమా? అట్ట చూసినావా? బాగా గ్రాండుగా వచ్చింది కదా?"

"ఒరే గుణశేఖరా. అముద యాడరా?"

"అమ్మా, ఇప్పుడు ఆ మాట ఎందుకుమా? శివరామన్ అన్న వస్తుండాడు, పెద్దోళ్లు వస్తుండారు..."

"అముద యాడ అని అడిగినాను."

"చూడుమా. నేనే పోస్టరు అతికించినాను. వీధి వీధంతా చూసినారు. అది పోయిందని అందరికీ తెలుసు. ఇప్పుడు దాన్ని నా పక్కన నవ్వతా నిలబెడితే, ఏమిరా నీ చెల్లెలు లేచి వచ్చిందా అని అడగరా? నా మొహం యాడ పెట్టుకోవాల?"

"నీ మొహం అట్ట మీద పెట్టుకున్నావు కదరా."

"ఎగతాళి చెయ్యొద్దుమా. నేనేం రాక్షసుణ్ణి కాదు. వద్దే వద్దు అనలేదు. పెట్టుకో. కానీ పైన పెట్టు."

"పైన అంటే?"

"రంజనికి తెలుసు. రంజనీ, పైన ఎడం పక్క మూల ఖాళీగా ఉంది కదా, అక్కడ మబ్బులు వేసి, చిన్న దీపం పెట్టి, అందులో పెట్టు. పోయినోళ్లని అట్లానే కదా పెట్టేది. అమ్మ ఆశ తీరుతుంది, నా మాటా నిలబడుతుంది. వీధిలో ఎవురూ ఏమీ అనరు."

"మామా, అమ్మ ఇప్పుడు కంపెనీలో డ్యూటీలో ఉంది."

"ఉండనీ పాపా. నేను ఉండొద్దు అన్నానా? బొమ్మ సంగతి చెప్తుండాను. సరే, ప్రెస్సోళ్లు అడుగుతుండారు. నేను హాలు కాడ ఉండాను, మళ్లీ చూపించే పని లేదు, నేరుగా పంపెయ్. అమ్మా, నువ్వు చీకటి పడక ముందే ఇంటికి పో. పెడతాను."

"ఫోను పెట్టేసినాడు అవ్వా. ...ఏడుస్తుండావా?"

"ఏడుపు రాలేదు. ఉమ్మేసేదానికి చోటు వెతుకుతాండాను."

"నేను పెట్టను. మా అమ్మకి నా చేత్తో నేను దీపం పెట్టను. ఓనరుతో చెప్పేస్తాను, ఈ పని వద్దని."

"ఉండు, లేవొద్దు. కూర్చో. మొదట చేసినావే, నాకు మాల ఏసి, దీపం పెట్టి, మబ్బులు... అది ఉండాదా? చెరిపేసినావా?"

"ఉంది. ఎందుకు?"

"తియ్యి."

"తీసినాను."

"మబ్బుని పెద్దది చెయ్యి. ఇద్దరికి సరిపోయేట్టు. అముదని పెట్టు, ఫోను చెవికి పెట్టుకున్నది. దాని పక్కన నన్ను పెట్టు. ఆ మాలతోనే."

"అవ్వా! ఏంది ఈ మాటలు? నువ్వు బతికుండావు!"

"మీ అమ్మ బతికిలేదా? పెట్టమ్మే. కింద వాళ్లు అట్లే ఉండనీ. వాడి నూనె నవ్వు కూడా తగ్గించొద్దు."

"మామ చూస్తే నన్ను వదలడు."

"చూపించే పని లేదని వాడే చెప్పినాడు. తర్వాత అడిగితే, అవ్వ చెప్పింది అను. చచ్చినోళ్లని వాడేం చేస్తాడు?"

"ఇదిగో, పెట్టినాను. నువ్వు, అమ్మ, ఒకే మబ్బులో."

"పంపినావా?"

"పంపినాను."

"ఇప్పుడు మీ అమ్మకి ఫోన్ చెయ్యి. ఆదివారం మంచి చీర కట్టుకోని హాలుకి రమ్మను. చచ్చినోళ్లిద్దరం ముందు వరసలో కూర్చుంటాము."