లైల్ వేసిన తాళం

"అసలు నేను చేసింది చిన్న పనే మేడమ్, మీరు ఊరికే కంగారు పడకండి," అంటూ లైల్ ప్రూయిట్ నా కొట్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రెండో డోనట్ తుంచాడు.

మా డులూత్ ఊళ్లో లైల్ కోతలు వినని చెవి లేదు. నేను వాడితో కలిసి చదువుకున్నవాణ్ణి, నాకు అలవాటే. ఎదురుగా కూర్చున్న నోరీన్ టిబెట్స్‌కి మాత్రం ఆ రోజు నవ్వొచ్చే స్థితి లేదు. ఆవిడ అద్దెవాళ్ల తరఫు లాయరు, లైల్ ఆవిడ ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు. మిల్డ్రెడ్ సాలో అని ఒక ముసలావిడ చలికాలమంతా హీటర్ పనిచెయ్యని ఇంట్లో ఉండి, అద్దె ఆపేసింది. ఓనరు ఖాళీ చెయ్యమని కోర్టుకెక్కాడు. పడగ్గది గోడ మీద మంచు పేరుకున్నప్పుడు మిల్డ్రెడ్ తీసిన ఫోటోలే ఆవిడకి సాక్ష్యం. ఇప్పుడు ఏప్రిల్, మళ్లీ తీద్దామన్నా ఆ మంచు లేదు. కోర్టు రోడ్డుకి అవతలే, ఇంకాసేపట్లో పిలుస్తారు.

"ముందు ఆ ఫోటోలు తెరువు లైల్," అంది నోరీన్.

"ఒక్క లైను కొడితే తెరుచుకుంటాయి మేడమ్, ఈలోపు వినండి. ఓనరు మనుషులు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారని మీరేగా అన్నారు? ఆ రోజే నల్ల తెర తెరిచాను. మౌసు నేను ముట్టను, అది పిల్లలకి. ఒకే ఒక్క కమాండు కొట్టి ఎంటర్ నొక్కాను, ఫోటోలన్నిటికీ తాళం పడిపోయింది, ఇప్పుడు చూస్తే పిచ్చి గీతలు తప్ప ఏం కనపడదు. దీంట్లో తాళం వేసే చెవి వేరు, తీసే చెవి వేరు. తీసే చెవికి ఒక రహస్య వాక్యం పెట్టాను, అదెంత పొడుగంటే, ఇక్కడ కూర్చుని కొడుతుంటే చివరి మాట వంతెన దాటి పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో పడింది. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? అసలు ఫోటోల్ని తుడిచిపారేశాను. మామూలుగా చెరిపితే పోవు మేడమ్, వాటి మీద సున్నాలు రాయాలి, మళ్లీ రాయాలి. ముసలావిడ కెమెరా కార్డూ అంతే, సున్నాలు రాసీ రాసీ కార్డు బరువు తగ్గిపోయింది."

"కార్డు కూడానా?" నోరీన్ కాఫీ కప్పు కింద పెట్టింది.

"మరి? సగం పని నాకు చేతకాదు. ఇక వినండి, ఫిబ్రవరిలో వాషింగ్టన్ నుంచి ఫోను. గూఢచారుల ఆఫీసు. వాళ్లు ఊరందరి మెయిళ్లూ తోడుకుంటూ నా ఫైలూ తోడుకున్నారట, తెరవలేక చచ్చారట. ఉన్న కంప్యూటర్లన్నీ దాని మీదకి తోలితే ఆ ఊరికి కరెంటు పోయింది, ఆ వేడికి నది ఆవిరైపోయి పడవలు బురదలో కూలబడ్డాయి. ఆఖరికి వాళ్ల పెద్దాయన హెలికాప్టర్లో వచ్చి, గడ్డకట్టిన సరస్సు మీద దిగి, మంచుకి కన్నం వేసి చేపలు పట్టుకునే నా గుడిసె తలుపు కొట్టి, 'నాయనా, ఒక్క ఫోటో చూపించు, నిద్ర పట్టట్లేదు' అని బావురుమన్నాడు."

"ఒరే, ఆ గుడిసెలో నీ పక్కన నేనూ ఉన్నాగా," అన్నాను.

"నువ్వు బీర్లు తేవడానికి వెళ్లావు వెర్న్. నేను గాలం వదల్లేదు మేడమ్. దేవుడే దిగొచ్చినా ఇది తెరవలేడు, మీరెంత, పొండి అన్నాను."

నోరీన్ గడియారం చూసుకుంది. "లైల్, ఆ తీసే చెవి ఎక్కడుంది?"

"అసలు తెలివంతా అక్కడే ఉంది. లాప్‌టాప్‌లో ఉంచితే దొంగ ఎత్తుకుపోడూ? పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి లాప్‌టాప్‌లోది చెరిపేశాను. ఇదిగో, మెళ్లోనే ఉంది. పెన్‌డ్రైవ్ పోతేనో? అందుకని ఆ చెవికీ తాళం వేశాను."

"ఏ తాళం?"

"అదే తాళం మేడమ్. అంతకంటే గట్టిది లోకంలో..."

ఆగిపోయాడు. నాకు కంప్యూటర్లు తెలియవు, కానీ పెట్టె తాళంచెవిని ఆ పెట్టెలోనే పెట్టి మూస్తే ఏమవుతుందో తెలుసు.

లైల్ పెన్‌డ్రైవ్ గుచ్చి కమాండు కొట్టాడు. తీసే చెవి లేదంది తెర. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే మాట.

"వాషింగ్టన్ వాళ్లు కూడా తెరవలేరన్నావు," అంది నోరీన్ మెల్లిగా.

"తెరవలేరు మేడమ్."

"నువ్వూ తెరవలేవు."

"లేను."

"పుట్టి బుద్ధెరిగాక నువ్వు చెప్పిన నిజం ఇదొక్కటే లైల్," అని ఆవిడ కోటు తీసుకుని లేచింది.

కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం, నేనూ వాడూ. కోర్టు మెట్ల మీద మిల్డ్రెడ్ సాలో, వస్తున్న లాయరుని చూసి, ధైర్యంగా నవ్వుతూ చెయ్యి ఊపింది.